బదులు మనిషి

బర్కా, ఒమన్
20 జూన్ 2014

శాంతక్కకు,

తమ్ముడు పోచన్న మొక్కుతున్నాడు. నీ రెండో చెవి కూడా పోయిందని సుమలత ఫోన్‌లో చెప్పింది. ఇక ఫోన్ పట్టుకుని నువ్వక్కడ "ఆఁ? ఏందీ?" అని అరవడం, నేనిక్కడ తోటంతా వినబడేలా అరవడం ఎందుకు? పక్క తోటలో పనిచేసే మన ఊరి రాజేశం లీవు మీద వస్తున్నాడు, అతని చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. మహిళా సంఘం తీర్మానాలు రాసి రాసి నీ చేతిరాత నాకన్నా బాగుంటుంది. తప్పించుకోకుండా జవాబు రాయి.

నా పని మారిందక్కా. ఖర్జూరం చెట్లకు నీళ్లు పెట్టే పని ఇప్పుడు లేదు. ఎలా మారిందో చెబితే నవ్వుతావు. మా అర్బాబ్, అంటే యజమాని, తన బంగళా హాల్లో గోడ పొడవునా ఒక గాజు తొట్టి కట్టించుకున్నాడు. అందులో సముద్రపు నీళ్లు, రంగురంగుల చేపలు, పగడాలు. దాన్ని చూసుకునే ఫిలిప్పీన్ మనిషి మానేసి తన దేశం వెళ్లిపోయాడు. అర్బాబ్ మా తోటవాళ్లందరినీ వరుసగా నిలబెట్టి, డ్రైవర్ రషీద్ చేత హిందీలో అడిగించాడు, "చేపల గురించి తెలిసినవాడెవడు?" అని. గంగపుత్రుల ఇంట పుట్టి, పదిమందిలో చేపల గురించి తెలియదని ఎలా అంటాను? నోరు ఊరుకోలేదు. "మాది చేపల కులమే సాబ్, పుట్టినకాడి నుంచి అదే పని" అనేశాను. మనకు తెలిసింది చేపను పట్టడం, పొలుసు గీకడం, అమ్మడం. చేపను బతికించే పని మన కులంలో ఎవరు చేశారు?

మొదట్లో ఫోనే దిక్కు. ఆ ఫిలిప్పీన్ మనిషి ఫోన్‌లో చెబుతుంటే రషీద్ నాకు హిందీలో అర్థం చెప్పేవాడు. అలా నేర్చుకున్నాను. ఈ ఎండలకు నీళ్లు వేడెక్కకుండా చల్లబరిచే మిషన్ ఒకటి ఎప్పుడూ ఆడుతూ ఉండాలి. నీళ్లు ఆవిరైపోతే ఉప్పు లేని శుద్ధమైన నీళ్లు పోయాలి, ఎందుకంటే పోయేది నీళ్లే, ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. వారానికోసారి కొంత పాత నీరు తీసి, ఉప్పు కలిపిన కొత్త నీరు పోయాలి. మేత మాత్రం పిసినారిలా వేయాలి. పగడాలు రాళ్లు కావక్కా, జీవాలు. సుమలత పుస్తెలతాడులో ఉన్నవాటికి చుట్టాలే. దీపం వేయగానే వేలవేల చిన్న నోళ్లు తెరుస్తాయి.

జనవరికి రెండేళ్లు నిండుతాయి. లీవు ఇస్తాడు. సుమలత కడుపుతో ఉండగా ఇక్కడికి వచ్చాను, ఇంటికి వచ్చి బిడ్డను ఎత్తుకుంటాను. అల్లుడు ప్రభాకర్‌కు నా దీవెనలు చెప్పు.

నీ తమ్ముడు
పోచన్న

---

2 ఆగస్టు 2014

తమ్మీ పోచన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నమ్మలేదు, రెండోసారి నవ్వాను, మూడోసారి అంగట్లో చేపలు కోస్తూ పక్కనున్న ఆడవాళ్లకు చదివి వినిపించాను. అందరూ కత్తిపీటలు వదిలేసి నవ్వారు. చేపకు ఏసీ పెట్టే దేశం ఒకటుందని, దాని సేవకు మా తమ్ముడే దొరికాడని ఊరంతా తెలిసిపోయింది. మా గుడిసెలో ఫ్యాను తిరిగితే రెక్కలు లెక్కపెట్టవచ్చు. వచ్చే జన్మలో నన్ను మీ అర్బాబ్ తొట్టిలో చేపగా పుట్టించమని గంగమ్మకు మొక్కుకుంటాను.

సుమలత మాత్రం నవ్వలేదు. పగడాల సంగతి చదివినప్పుడు మెడలో తాడు ఒకసారి తడుముకుంది. తర్వాత ఉత్తరం మడిచి నా చేతికిచ్చి, "గాజు తొట్టి చూసుకునే కొలువు ఎక్కడన్న ఉంటదా వదినె? ఆయన ఏదో దాస్తున్నడు" అంది. నాకు చెవులు పోయినా ఆమె పెదాల మీద ఆ మాట స్పష్టంగా చదివాను. ఆమెకు ఫోటో పంపు. నీ మాటకన్నా ఫోటోను నమ్ముతుంది.

చిన్నది నడుస్తోంది. నీ ఫోటో చూపిస్తే "నాయిన" అంటుంది, రాజేశాన్ని చూసినా "నాయిన" అంది. రాజేశం సిగ్గుపడి ఇంట్లోకి పారిపోయాడు. నవ్వొచ్చింది కానీ సుమలత ముఖం చూసి మింగేశాను.

మా ప్రభాకర్ మత్స్య సంఘంలో తన పేరు రాయించుకున్నాడు. వచ్చే వానలకు మన చెరువులో పిల్ల చేపలు వదులుతారట. వాళ్ల నాయన పోయాక వాడు ఇంత ఉత్సాహంగా ఉండటం ఇదే మొదలు. నాకున్నది వాడొక్కడే, వాడు ఊళ్లోనే నిలబడితే నాకింకేం కావాలి?

జనవరి అన్నావు. మాట తప్పకు.

అక్క
శాంతవ్వ

---

బర్కా
9 జనవరి 2015

అక్కకు మొక్కులు.

జనవరికి వస్తానన్నాను. లీవు దొరకలేదు.

డిసెంబర్‌లోనే అడిగాను. అర్బాబ్ కాదనలేదు. "నువ్వు వెళ్తే దీన్నెవరు చూస్తారు? బదులు మనిషిని తయారుచేసి వెళ్లు" అన్నాడు. న్యాయమే కదా అనుకున్నాను. తోటలో ఫజల్ అని బంగ్లాదేశ్ మనిషి ఉన్నాడు, బుద్ధిమంతుడు. అతనికి అన్నీ నేర్పాను. ఇంతలో నాకు జ్వరం వచ్చి వారం మంచం పట్టాను. తొట్టిలో నీరు తగ్గడం చూసి ఫజల్‌కు జాలేసింది. సముద్రపు చేపలు కదా, ఉప్పు లేకపోతే ఎలా అని, తగ్గినప్పుడల్లా ఉప్పు నీళ్లే పోశాడు. నేను లేచి వెళ్లేసరికి మీటర్‌లో ఉప్పు ఎంతో పైకి పోయింది. పగడాలు నోళ్లు మూసేశాయి, కొన్ని చేపలు తేలాయి. ఫజల్ తలుపు దగ్గర నిలబడి ఏడుస్తున్నాడు, మంచికి పోతే చెడు ఎదురైందని.

దాన్ని మళ్లీ దారికి తేవడానికి ఎంత ఓపిక కావాలో! ఎక్కువైన ఉప్పును ఒక్కసారి తగ్గించినా చస్తాయి. రోజూ కొంచెం కొంచెం తగ్గించాలి. ఈ తొట్టిలో మంచి ఏదీ తొందరగా జరగదని ఫిలిప్పీన్ మనిషి అంటుండేవాడు. అంతా కుదుటపడ్డాక అర్బాబ్ నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు నా తమ్ముడివి పోచన్, నిన్ను వదులుకోను" అన్నాడు. కొత్త బట్టలు ఇచ్చాడు, నా రూముకు ఏసీ పెట్టించాడు. పాస్‌పోర్ట్ మాత్రం అతని ఆఫీసు బీరువాలో ఉంది. మళ్లీ లీవు సంగతి ఎత్తితే "బుక్రా" అన్నాడు. బుక్రా అంటే రేపు. ఇక్కడ రేపు అన్నది రాదు.

తిట్టే యజమాని అయితే ఎదురు తిరగొచ్చు. తమ్ముడివి అనేవాడితో ఏం కొట్లాడను? నా పనే నన్ను కట్టేసిందక్కా. ఎంత బాగా చేస్తే అంత గట్టిగా బిగుస్తోంది.

తొట్టి ఫోటో రషీద్ ఫోన్ నుంచి సుమలతకు పంపాను. ఆమె నా ఫోన్ ఎత్తడం లేదు. ఎందుకో కనుక్కో.

పోచన్న

---

15 ఫిబ్రవరి 2015

పోచన్నా,

ఫోన్ ఎందుకెత్తడం లేదని అడిగావు. నువ్వు పంపిన ఫోటో వల్లే. తొట్టి అద్దంలో ఎర్ర గౌను వేసుకున్న ఎవరో ఆడమనిషి నీడ పడింది. అది అర్బాబ్ ఇంటి పనిమనిషో, బిడ్డో, ఎవరో అయి ఉంటారని నేనన్నాను. సుమలత వినలేదు. "రెండేండ్లకు అందరు వస్తున్నరు, ఈయనకే చేపలు అడ్డమొచ్చినయా?" అని చిన్నదాన్ని ఎత్తుకుని తల్లిగారింటికి పోయింది. వాళ్ల అన్నలు దసరా వరకు చూస్తామని, ఆ తర్వాత పెద్దమనుషుల్లో పెట్టి తెంచుకుంటామని కబురు పంపారు.

నాకు కోపం వస్తోంది తమ్మీ. మన ముత్తాత కాలం నుంచి ఎన్ని చేపలను చంపి తిన్నాం, ఎన్ని అమ్ముకున్నాం! ఇప్పుడు నాలుగు చేపల కోసం పెళ్లాం బిడ్డలను వదులుకుంటావా? అవి చస్తే నిన్నెందుకు ఉంచుకుంటాడు? రెండు దోసిళ్ల ఉప్పు తెచ్చి ఎవరూ చూడనప్పుడు తొట్టిలో పారెయ్యి. చెరువులో చేప ఉప్పు తగిలితే తేలుతుంది. పీడ పోతుంది.

ఒక్క మాట అడుగుతాను, ఒట్టేసి చెప్పు. నువ్వు రాలేకపోతున్నావా, రావాలని లేదా?

శాంతవ్వ

---

బర్కా
20 మార్చి 2015

అక్కా,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, ఉప్పు దగ్గరికొచ్చాక నవ్వాను. అది సముద్రపు నీరే తల్లీ. నీ రెండు దోసిళ్లు దానికి పోపులోకి కూడా చాలవు.

ఎర్ర గౌను అర్బాబ్ వాళ్లమ్మది. డెబ్బై ఏళ్ల ముసలమ్మ, చక్రాల కుర్చీలో కూర్చుని చేపలను చూస్తూ ఉంటుంది. సుమలతకు ఈ మాట చెప్పు. నవ్వినా నవ్వకపోయినా చెప్పు.

చంపాలంటే ఉప్పు కూడా అక్కర్లేదు. చల్లబరిచే మిషన్ ఒక్క పూట ఆపితే చాలు. ఆ సంగతి నాకు తెలియదనుకున్నావా? ఎన్నోసార్లు స్విచ్ దగ్గరిదాకా వెళ్లాను. చెయ్యి పోదు. నారింజ చేపలు జంటగా నా చేతి చుట్టూ తిరుగుతాయి. వేలెడంత పగడం ముక్కను రాయికి అంటించాను, ఇప్పుడది నా అరచెయ్యంత అయ్యింది. ఇన్నాళ్లు నా బిడ్డను పెంచలేదు, వీటిని పెంచాను. అందుకే చెయ్యి పోదు. పైగా అవి చస్తే పంపిస్తాడని ఏముంది? కొత్తవి కొని నా చేతికే ఇస్తాడు. చెప్పకుండా పారిపోతే పోలీసు కేసు పెడతారు, పాస్‌పోర్ట్ లేకుండా ఎక్కడికి పోను?

రాలేకపోతున్నానక్కా. చిన్నదాని మీద ఒట్టు.

ఒక్కటే దారి. నిజంగా చేపలు తెలిసిన, నమ్మకమైన మనిషి దొరికితే అర్బాబ్ పంపుతాడు. ఆ మాట వాళ్లమ్మ ముందు ఇచ్చాడు. ఆమె ముందు ఇచ్చిన మాట తప్పడు. అలాంటి మనిషి కోసం సహం ఊరి దాకా తోటలన్నీ వెతికించాను. ఎవరూ దొరకలేదు.

పోచన్న

---

బర్కా
28 మే 2015

అక్కా,

రషీద్ ఈరోజు మస్కట్‌లోని రువికి వెళ్తున్నాడు, అక్కడ పోస్టులో వేయమని ఇది ఇస్తున్నాను. ప్రభాకర్‌కు ఫోన్ చేస్తే కలవడం లేదు, ఇది తొందరగా అందాలి.

అర్బాబ్ పొద్దున నన్ను పిలిచి సంతోషంగా కౌగిలించుకున్నాడు. "నీ మేనల్లుడు వస్తున్నాడటగా, మీ ఇంటి రక్తమే కావాలి నాకు" అన్నాడు. రాజేశం రషీద్‌కు చెప్పి, రషీద్ అర్బాబ్‌కు చెప్పి, ప్రభాకర్ పేరు మీద విజిట్ వీసా కూడా తీశారట. నెలరోజులు పని చూసి, నచ్చితే పక్కా వీసా చేస్తారట. ఇదంతా నీ పనే.

బదులు మనిషి అని నేను రాసింది ప్రభాకర్ కోసం కాదు. వాడిని పంపకు. వాడి చెరువు వాడిని చూసుకోనివ్వు. నేను ఎలాగో బయటపడతాను. నీ కాళ్లు పట్టుకుంటాను, పంపకు.

పోచన్న

---

3 జూన్ 2015

నా తమ్ముడు పోచన్నకు,

ఈ ఉత్తరం తెచ్చినవాడిని చూసి నువ్వు మండిపడతావని నాకు తెలుసు. కోప్పడకు. ముందే రాస్తే అడ్డం పడతావని రాజేశం చేతనే అంతా చేయించాను.

నా కొడుకును నేనే పంపుతున్నాను. వాడు మొదట ఒప్పుకోలేదు, సంఘం వాళ్లకు మాట ఇచ్చానన్నాడు. "అమ్మకు జ్వరమొచ్చి మొదటి చెవి పోతే దవాఖానల నెలరోజులు కూసున్నది మీ మామనే, యాదికున్నదా?" అన్నాను. మర్నాడు వాడే వచ్చి "పోత తియ్యమ్మా, మామ వస్తే సాలు" అన్నాడు. రెండేళ్లే కదా. వాడు కుర్రవాడు, పెళ్లి పెటాకులు లేనివాడు. నీకు సంసారం కూలిపోతోంది.

ఇంకో కబురు. ముసలమ్మ గౌను సంగతి చెబితే సుమలత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ప్రభాకర్ వెళ్తున్నాడు, పోచన్న వస్తున్నాడు అనగానే మాత్రం నవ్వు దాచుకోలేకపోయింది. నిన్ననే ఇంటికి వచ్చేసింది. గోడలకు సున్నం కొడుతోంది. చిన్నదాని చేత నీ ఫోటోకు ముద్దు పెట్టించి, "ఈయనే నాయిన, ఇంకెవలు కాదు" అని నేర్పిస్తోంది. నాకు వినబడదు కానీ చూస్తున్నాను.

మన కులం పిల్లవాడు, నీళ్లంటే ప్రాణం, నెలలో నేర్చుకుంటాడు. వాడికి అన్నీ నేర్పి, మీ అర్బాబ్‌ను ఒప్పించి, నువ్వు వచ్చెయ్యి. బొమ్మె చేప పులుసు వండి పెడతాను. చంపిన చేపే, ఏసీలో పెంచింది కాదు.

అక్క
శాంతవ్వ

---

బర్కా
2 జూలై 2015

శాంతక్కా,

ప్రభాకర్ శనివారం ఇంటికి వస్తున్నాడు. వాడి చేతికి ఈ ఉత్తరం ఇవ్వలేదు, రాజేశం వాళ్ల అల్లుడి చేత పంపుతున్నాను. ఒంటరిగా కూర్చుని చదువు. చదివాక వాడికి చూపించకు.

నీ కొడుకు నిజంగా మన కులం పేరు నిలబెట్టాడు. వారంలో మీటర్ చూడటం నేర్చాడు, రెండో వారంలో చేప ఈత చూసి ఒంట్లో బాగాలేదని చెప్పేవాడు. నేను ఏడాది పట్టి నేర్చుకున్నది వాడు చూసి చూసి పట్టుకున్నాడు. అర్బాబ్ మురిసిపోయాడు. బీరువాలోంచి నా పాస్‌పోర్ట్ తీయించి, టికెట్ కొని, రెండూ నా చేతిలో పెట్టాడు. నేను ఆ టికెట్ మీద నా పేరు చదువుకుంటూ కూర్చున్నాను.

ఆ సాయంత్రమే ముసలమ్మ కుర్చీ పక్కన ప్రభాకర్‌ను నిలబెట్టి అర్బాబ్, "నువ్వు నా కొడుకువి, నిన్ను వదులుకోను" అన్నాడు. రషీద్ హిందీలో చెబితే వాడు సిగ్గుపడి నవ్వాడు. నేను కూడా ఒకప్పుడు అలాగే నవ్వాను. నాకు భయమేసిందక్కా. వాడు నాకన్నా బాగా చేస్తాడు, కాబట్టి నాకన్నా ఎక్కువ కాలం ఉంచుకుంటారు. రెండేళ్లు అని నువ్వు రాశావు. వాడికి బదులు ఎవరిని పంపుతావు? మన ఇంట్లో ఇంకెవరున్నారు?

ఆ మాట నేను వాడికి చెప్పి చూశాను. "నువ్వు పో మామా, నేను చూసుకుంట" అన్నాడు. వాళ్లమ్మ కొడుకే కదా, మొండివాడు. ఎంత చెప్పినా కదలలేదు.

రంజాన్ నెల, శుక్రవారం ఇంటిల్లిపాదీ మస్కట్‌లో అర్బాబ్ అన్న ఇంటికి వెళ్లారు. తొట్టి డ్యూటీ ప్రభాకర్‌ది. వాడు మధ్యాహ్నం కునుకు తీస్తుండగా నేను వెళ్లి చల్లబరిచే మిషన్ ఆపేశాను. హాల్లో ఏసీ కూడా ఆపేశాను. బయట నిప్పులు చెరుగుతున్న ఎండ. ఇన్నాళ్లు పోని చెయ్యి ఆరోజు పోయింది. అక్కడే కూర్చుని చూశాను. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. నారింజ జంటలో ఒకటి నా వేలి దగ్గరికి వచ్చింది, మేత వేస్తాననుకుందేమో. ఇక చూడలేక బయటికి వచ్చి ఖర్జూరం చెట్టు కింద కూర్చున్నాను. సాయంత్రం అప్పుడే చూసినట్టు వాడిని లేపి, మిషన్ ఆగి ఉందని చూపించి మళ్లీ వేశాను. నేను పెంచిన పగడాలు నాలుగు రోజుల్లో సున్నంలా తెల్లబడిపోయాయి.

ప్రభాకర్ నా కాళ్ల మీద పడ్డాడు. "నేను బంద్ చెయ్యలే మామా, అమ్మ తోడు, నేను ముట్టనే ముట్టలే" అని ఏడ్చాడు. వాడి తల నిమిరి, "మరిచిపోయి ఉంటవు బిడ్డా, ఐతది" అన్నాను. అక్కా, నీ కొడుకు కళ్లలోకి చూసి ఆ మాట అన్నాను. దేవుడు నన్ను ఏం చేసినా చేయనివ్వు.

అర్బాబ్ అరవలేదు. తెల్లబడ్డ పగడాలను ఒక్కొక్కటీ చూశాడు. తర్వాత ప్రభాకర్‌ను పంపించెయ్యమని రషీద్‌కు చెప్పి, నా వైపు చెయ్యి చాపాడు. పాస్‌పోర్ట్, టికెట్ ఇచ్చేశాను. పగడాలు పూర్తిగా చావలేదు, నీరు కుదురుగా ఉంచితే కొన్నింటికి మళ్లీ రంగు వస్తుంది. దానికి ఏడాది పట్టొచ్చు, రెండేళ్లు పట్టొచ్చు. తొందరపెడితే అవి కూడా పోతాయి. అంతవరకు నేను అడగలేను, అతను పంపడు.

వాడు నీ ముందు తలెత్తడు. మామ బతుకు పాడుచేశానని కుమిలిపోతాడు. అయినా నిజం చెప్పకు. చెబితే మర్నాడే మళ్లీ బయలుదేరతాడు. చెరువులో పిల్ల చేపలు వదిలే రోజు దగ్గరికి వచ్చింది, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి గట్టు మీద నిలబెట్టు. వాడు మళ్లీ నీళ్లలోకి దిగేదాకా వదలకు.

సుమలతకు మాత్రం అంతా చెప్పు. ఆమె అన్నల ముందు కాదు, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పు. టికెట్ నా చేతికి వచ్చిందని కూడా దాచకు. ఆమె ఏమంటుందో పెదాల మీద సరిగ్గా చూసి, ఒక్క మాట కూడా తీయకుండా నాకు రాయి.

నీ తమ్ముడు
పోచన్న